కట్ట మీద కూర్చునే ఊరు

మా దిక్కు కట్ట అంటే ఎక్కకూడనిది. గోదావరి వరద గనిలోకి రాకుండా పోసిన పెద్ద మట్టికట్ట ఒకటి మేముండే కాలనీకి కొంత దూరంలో కనిపించేది. దాని మీదికి మేక ఎక్కినా కాపలా మనిషి కర్ర పట్టుకుని ఉరికి వచ్చేవాడు. పెళ్లయి గోదావరిఖనికి వచ్చిన కొత్తలో, అంగడికి దగ్గర తోవ కదా అని నేను ఒకసారి ఆ కట్ట ఎక్కి నడిచాను. సంగతి తెలిసి మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయనది భూమి కింద పని, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. "కట్ట తెగితే షిఫ్టుల ఉన్నోళ్లం ఎట్ల బయటపడుతమే?" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు జీవితానికి సరిపోయింది. నీళ్లను ఆపేదాన్ని మనిషి తొక్కొద్దు, దూరం నుంచి దండం పెట్టుకుని పోవాలి. నేను చదివింది మూడో తరగతి దాకానే. కానీ ఇట్లాంటి పాఠం ఒకసారి చెబితే మళ్లీ చెప్పించుకోను.

అందుకే నా బిడ్డ అత్తగారి ఊర్లో, సముద్రాన్ని ఆపే కట్ట మీద ఊరు ఊరంతా కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటుంటే నాకు అపచారంలా తోచింది.

ఆ ఊరికి నేను ఎందుకు పోయానో ముందు చెప్పాలి. నా బిడ్డను ఇచ్చింది మా కాలనీలోనే. వియ్యంకుడు కోస్తా నుంచి బతుకుతెరువుకు వచ్చి మా ఆయన పనిచేసే గనిలోనే చేరాడు. వియ్యపురాలూ నేనూ పిల్లలు పుట్టకముందు నుంచి ఒకే నల్లా దగ్గర బిందెలు వరుసలో పెట్టుకున్నవాళ్లం. పిల్లలు పెద్దయి ఒకరినొకరు ఇష్టపడితే, నీళ్ల కోసం కొట్లాడుకున్నవాళ్లం వియ్యమందుకున్నాం. వియ్యంకుడు రిటైరయ్యాక భార్యాభర్తలు సొంత ఊరికి వెళ్లిపోయారు. ఆయన కాలం చేశాక ఆమె ఒక్కతే మిగిలింది. తల్లి ఒంటరిదైందని అల్లుడు నా బిడ్డనూ మనవరాలినీ తీసుకుని అక్కడికే చేరాడు. బోటు ఇంజన్లు బాగుచేసే పని దొరికింది. అంతవరకు నాకేం బాధ లేదు. కానీ కొన్నాళ్లకు బిడ్డ ఫోను చేసి, పాత పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో కొత్త ఇల్లు మొదలుపెట్టామని, దర్వాజ నిలబెట్టే రోజు పెట్టుకున్నామని, నేను రావాలని చెప్పింది.

ఆ జాగా సముద్రానికి ఒక్క వీధి వెనక. ముందు అది మూడు వీధుల వెనక ఉండేదట. రెండు వీధులను సముద్రం తీసుకుపోయింది. వియ్యపురాలు కాపురానికి వచ్చిన మొదటి ఇల్లు కూడా అందులోనే పోయింది. ఈ సంగతి ఆమే నల్లా దగ్గర బట్టలు పిండుకుంటూ ఎన్నోసార్లు చెప్పింది.

ఇల్లు పోవడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అత్తగారి ఊరు ఓపెన్ కాస్టు కిందికి, అంటే బొగ్గు కోసం పైనుంచే నేలంతా తవ్వేసే గని కిందికి పోయింది. రిటైరయ్యాక ఉందామని అక్కడ పాత ఇంటికి ఆనించి ఒక గది వేసుకున్నాం. నేనే తట్టలు మోశాను, నేనే గోడలకు సున్నం కొట్టాను. సున్నం వాసన పోకముందే ఊరు లేవాలన్నారు. పైసలిచ్చారు, ఇంకోచోట ప్లాటు ఇచ్చారు, కాదనను. కానీ ఇప్పుడు ఆ గది ఉన్నచోట గాలి తప్ప ఏమీ లేదు. ఎత్తు మీద నిలబడి చూస్తే లోయలోకి లారీలు దిగుతుంటాయి. మన ఇల్లు ఉన్న నేల కూడా లేకుండా పోతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. పోయే నేల మీద ఇటుక పెట్టొద్దని ఆ రోజు నిశ్చయం చేసుకున్నాను.

మా కులంలో దర్వాజకు మొదటి పసుపు ఇల్లాలి పుట్టింటివాళ్లు పెట్టాలి. తల్లి ఉండగా ఆమె చెయ్యి పడకుండా దర్వాజ లేవదు. నేను పసుపు ముట్టనంటే పని ఆగుతుంది. ఆపాలనే పోయాను. మా ఆయనకు దమ్ము, నాలుగడుగులు వేస్తే ఆయాసం, అంత దూరం రాలేడు. స్టేషన్ దాకా వచ్చి, రైలు కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి, "నువ్వు చూసి చెప్పు. నువ్వు వద్దంటె నేను గూడ వద్దంట" అన్నాడు. రామగుండంలో ఎక్కి బెజవాడలో మారి, ఇంటి నుంచి కట్టుకుపోయిన జొన్నరొట్టె తింటూ, తోవ పొడుగునా బిడ్డకు ఎట్లా చెప్పాలో మాటలు కూడగట్టుకున్నాను.

దిగిన రోజు సాయంత్రమే వియ్యపురాలు నన్ను లాక్కుపోయింది. ఆమె కట్ట అనదు, గట్టు అంటుంది. "పదొదినా, గట్టెక్కుదాం" అంది. ఎక్కుడేంది అన్నాను. ఆమె నవ్వి చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. మనవరాలు మాకంటే ముందే ఉరికింది.

సముద్రం చూడటం నాకు అదే మొదలు. మా దిక్కు ఎటు చూసినా చూపుకు ఏదో ఒకటి అడ్డం తగులుతుంది. పొగగొట్టం, గని మీది చక్రం, తవ్వి పోసిన మట్టిగుట్ట. ఇక్కడ చూపు పోయి పోయి ఎక్కడా ఆనలేదు. ఆనక తిరిగి నా దగ్గరికే వచ్చినట్టయింది. ఓపెన్ కాస్టు అంచున నిలబడినప్పుడు ఇంతకంటే పెద్దది ఉండదనుకున్నాను. అది మనుషులు తవ్వింది. దీన్ని ఎవరూ తవ్వలేదు, ఎవరూ నింపలేదు. అక్కడే చతికిలబడ్డాను. కూర్చున్నాక చూసుకుంటే, నేను కూర్చున్నది కట్ట మీద.

అది మా మట్టికట్టలాంటిది కాదు. మెట్లు. మనిషి హాయిగా కాళ్లు కిందికి వేసుకుని కూర్చునేంత వెడల్పున్న సిమెంటు మెట్లు, ఊరు పొడుగునా పైనుంచి సముద్రంలోకి దిగుతున్నాయి. అడుగున నల్లటి పెద్ద రాళ్లు. పైన ఎద్దుబండి పోయేంత బాట, దీపాల స్తంభాలు, నీడకు అక్కడక్కడ రేకుల కొట్టాలు, తాగే నీళ్ల నల్లా. బాట మీద ఊరి వైపు లేపిన గోడలోనే గూళ్లలాగా చిన్న చిన్న గదులు చేసి కొట్లు పెట్టారు. ఒక దాంట్లో వల అల్లుతున్నారు, ఒక దాంట్లో బజ్జీలు వేస్తున్నారు. బోట్లు ఎక్కించడానికి ఒకచోట జారుడు బండలాగా కట్టి వదిలారు. బోట్లు లేనప్పుడు దాని మీద పిల్లలు జారుతున్నారు. ముసలివాళ్లు, బడిపిల్లలు, కొత్తగా పెళ్లయినవాళ్లు ఎవరి మెట్టు మీద వాళ్లు కూర్చుని ఉన్నారు. కింద అలలు కొడుతున్నాయి. వాటికి వీపు పెట్టి ఒకామె పిల్లకు జడ వేస్తోంది.

నేను పొదుపు మనిషిని. పాత చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, బియ్యం కడిగిన నీళ్లు తోటకూరకు పోతాయి. ఒక పనికి పెట్టిన ఖర్చు రెండో పని కూడా చెయ్యాలని కోడళ్లను సతాయించినదాన్ని. కానీ ఇంత పెద్ద పనిలో ఎవరన్నా అట్లా ఆలోచిస్తారని ఊహించలేదు. సముద్రాన్ని ఆపేది గోడ. ఆ గోడే అరుగు, బజారు, బాట, ఆటస్థలం. కట్టినవాడెవడో గాని బొంత కుట్టిన తల్లికి పుట్టి ఉంటాడు అనుకున్నాను. పైకి మాత్రం ఏమీ అనలేదు. నేను మెచ్చుకుంటే ఇల్లు కట్టుకోవడానికి ఒప్పుకున్నట్టే అవుతుంది.

వియ్యపురాలికి నా సంగతి తెలుసు. "ఎలా ఉందొదినా మా గట్టు?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నది. కట్టను గిట్ల తొక్కితె ఎన్ని రోజులుంటది?"

"మీకు బొగ్గు, మాకు ఉప్పు. రేపు మీ రాష్ట్రం మీకొచ్చాక అక్కడ కూర్చుని మా గట్టుకి దిష్టి పెట్టుకో" అంది.

రాష్ట్రం ఇంకా రాని రోజులవి. ఆ మాట మీద ఎంతోమంది చుట్టాలు మాటలు మానుకున్నారు. మేం మాత్రం నల్లా దగ్గర కొట్లాడిన అలవాటుతో దాన్ని కూడా ఎగతాళికే వాడుకున్నాం. వియ్యపురాలు బజ్జీలు కొనబోతే వద్దని, రొట్టెలు మిగిలాయని చెప్పాను. ఆమె వినకుండా కొనిచ్చింది. బాగానే ఉన్నాయి.

ఆ మెట్లు ఎట్లా వచ్చాయో అప్పుడే చెప్పింది. మొదట సర్కారు లారీల కొద్దీ రాళ్లు తెచ్చి ఒడ్డు పొడుగునా కుమ్మరించిందట. సముద్రం ఆగింది గాని మనుషులూ ఆగిపోయారు. బోటు దింపే చోటు లేదు, చేపలు ఎండబెట్టే ఇసుక లేదు, రాళ్ల సందుల్లో పిల్లల కాళ్లు ఇరుక్కునేవి. చేపల ఆడవాళ్లంతా గంపలు తీసుకుపోయి లారీలకు అడ్డంగా కూర్చున్నారు. గోడ వద్దని కాదు, మాకు కూర్చునే చోటు ఉండే గోడ కావాలని. చివరికి ఒక ఇంజనీరు వచ్చి నేల మీద ముగ్గుతో గీసి చూపిస్తూ మెట్టు ఎంత వెడల్పుండాలి, గంప పట్టాలా, మనిషి పట్టాలా అని వాళ్లనే అడిగాడట. వియ్యపురాలు గంప పక్కన మనిషి పట్టాలని చెప్పిందట. అందుకే ఆ వెడల్పు.

ఆ రాత్రి వాళ్లున్న అద్దె ఇంట్లో పడుకుంటే సముద్రం హోరు ఆగకుండా వినిపించింది. మా కాలనీలో గనిలోకి గాలి పంపే పెద్ద పంకా ఇట్లానే రాత్రింబవళ్లు మోగేది. ఆ మోత వింటూ పెరిగిన నా బిడ్డకు ఇక్కడ నిద్ర ఎట్లా పడుతుందో అప్పుడు అర్థమైంది. అర్థమైనా నా మాట మారలేదు. తెల్లారి బియ్యం ఏరుతూ బిడ్డతో చెప్పేశాను. ఈ జాగా అమ్ముకోండి, లోపలికి పోయి ఎక్కడన్నా కొనుక్కోండి, చెయ్యి తక్కువైతే మేం చూస్తాం, ఇక్కడ మాత్రం నేను పసుపు పెట్టను.

మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. ఇన్నేళ్లు కోస్తాలో ఉన్నా నా బిడ్డ నన్ను అట్లానే పిలుస్తుంది. చేటలో రాయి ఒకటి ఏరి పారేసింది. తర్వాత అంది. "అవ్వా, లోపలికి పోతె ఈయన బోట్ల పని ఎట్ల? అత్తమ్మ రాదు, ఆమె ఈడనే ఉంటది. మేం పోతె ఆమె ఒక్కతైతది. నువ్వు పసుపు పెట్టకుంటె నేను ఇల్లు కట్ట. కని ఈడికెంచి పోను గూడ పోను."

నా కడుపున పుట్టింది, నా మొండితనమే వచ్చింది. పొయ్యి దగ్గరికి పోయి ఎసరు పెట్టాను. దర్వాజకు ఇంకా మూడు రోజులుంది.

మర్నాడు అమావాస్య. పొద్దుటినుంచి వియ్యపురాలు ఇవాళ పోటు ఎక్కువ, పోటు ఎక్కువ అంటోంది. మాకు పోటు అంటే చెవిపోటు, కడుపులో పోటు. ఎవరికి, పిల్లకా అని కంగారుగా అడిగాను. నీళ్లు పైకి రావడాన్ని పోటు అంటారని చెప్పి, అల్లుడికి కూడా చెప్పి నవ్వించింది. సాయంత్రం పోటు చూద్దువు రా అని మళ్లీ గట్టు మీదికి తీసుకుపోయింది. ఎండ ఇంకా దిగలేదు. మనవరాలిని మధ్యన పెట్టుకుని రేకుల కొట్టం కింద బల్ల మీద కూర్చున్నాం.

అప్పుడు సైరన్ మోగింది.

అత్తగారి ఊరు లేవాలన్నాక, ఖాళీ చేసేదాకా రెండేళ్లు మేం ఆ గదిలోనే ఉన్నాం, అప్పటికి ఓపెన్ కాస్టు మా పొలాల దాకా వచ్చింది. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ వేసేవాళ్లు. సైరన్ వింటే ఇంట్లో ఎవరూ ఉండొద్దు. గోడలు అదురుతాయి, పెంకులు జారి పడతాయి. పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలి, పిల్లలను చంకనేసుకుని ఆరుబయటికి ఉరికేవాళ్లం. పైకప్పు కింద ఉండొద్దు, బయట ఉండాలి. అంతే, ఇక ఆలోచన లేదు. ఆ రోజు కూడా నేను ఆలోచించలేదు. ఒక చేత్తో మనవరాలి రెక్క, ఇంకో చేత్తో వియ్యపురాలి కొంగు పట్టుకుని కొట్టం కింద నుంచి గుంజుకుని, ఆరుబయటికి, అంటే మెట్లు దిగి కిందికి ఉరికాను.

జనం అందరూ పైకి ఎక్కుతున్నారు. నేనొక్కదాన్ని దిగుతున్నాను. వియ్యపురాలు ఏదో అరుస్తోంది, సైరన్‌లో వినపడటం లేదు. కింది మెట్ల మీద ఉన్నవాళ్లను పైకి రమ్మని, పోటు వస్తోందని ఆ సైరన్ వేస్తారని నాకు తర్వాత చెప్పారు. తల ఎత్తి చూసేసరికి అల నా ఎదురుగా లేచి ఉంది. మా మట్టిగుట్టలంత ఉందంటే నమ్మండి, నమ్మకపోండి. నల్లగా, అంచున తెల్లగా లేచి, ఒక క్షణం నన్నే చూసినట్టు ఆగింది. మనవరాలిని పొట్టకు అదుముకుని కళ్లు మూసుకున్నాను. దేవుని పేరు కూడా గుర్తు రాలేదు.

చప్పుడు వచ్చింది, బ్లాస్టింగ్ లాంటి చప్పుడే. మెట్టు నా కాళ్ల కింద అదిరింది. తర్వాత పాదాలకు తడి తగిలింది. కళ్లు తెరిస్తే, అంత పెద్ద అల అడుగున నల్లరాళ్ల మీద పగిలి, మొదటి మెట్టు మీద సగమై, రెండో మెట్టు మీద అందులో సగమై, ఒక్కో మెట్టుకు ఇంత ఇంత వదిలేసుకుంటూ నా దగ్గరికి వచ్చేసరికి గిన్నెలు కడిగిన నీళ్లంత మిగిలింది. నా కాలివేళ్ల మీదుగా నురగ పారింది. మళ్లీ వచ్చిన దారినే మెట్లు మెట్లుగా దిగిపోయింది. ఇంకొకటి లేచింది, అదీ అంతే. ఇంకొకటి. కదలాలని తెలుసు, కదలబుద్ధి కాలేదు. నా జన్మలో అంత పెద్దది నా మీదికి వచ్చి, అంత చిన్నదైపోవడం ఎప్పుడూ చూడలేదు. ఆ గోడ సముద్రానికి ఎదురు నిలబడి కొట్లాడటం లేదు. కోపంగా వచ్చిన మగాణ్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఒక్కో మాట అననిచ్చి, చల్లబడ్డాక ఇంటికి పంపినట్టు పంపుతోంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పునీళ్లు పడ్డాయని కొంగుతో తుడుచుకున్నాను.

మనవరాలు చప్పట్లు కొట్టి మళ్లీ కావాలంది. వియ్యపురాలు వెనక నుంచి నా చెయ్యి పట్టి పైకి లాగింది. ఆయాసం తీర్చుకుని, "సైరన్ వేస్తే దిగుతావేంటొదినా! మీ బొగ్గు బావి అనుకున్నావా?" అంది. తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. బజ్జీలమ్మ నన్ను చూసి మా వియ్యపురాలితో, మీ వియ్యపురాలు సముద్రానికి ఎదురెళ్లి పలకరించి వచ్చిందే అంది. మామూలుగా అయితే నన్ను చూసి నవ్వితే ఊరుకోను. ఆ రోజు ఊరుకున్నాను.

కానీ ఒకరోజు ఆగిన నీళ్లు రేపు ఆగుతాయని ఏముంది? మా మట్టికట్ట కూడా ఎన్నో వానకాలాలు ఆగింది. ఒక వానకాలం లోపల ఎక్కడో బొరియ పడితే ఎవరూ చూడలేదు. నీళ్లు ఊరడం మొదలయ్యాక గాని తెలియలేదు. సమయానికి మట్టి బస్తాలు వేసి ఆపారు గాని, ఆ రెండు రోజులు మా ఆయన డ్యూటీకి పోతుంటే నేను ముద్ద మింగలేదు. అందుకని మర్నాడు పొద్దున, నీళ్లు దిగిపోయాక, ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే గట్టు దగ్గరికి పోయాను. నిన్నటి దెబ్బకు ఏమైందో నా కళ్లతో చూసుకుందామని.

నేనే మొదటిదాన్ని కాదు. చేపల ఆడవాళ్లు కింది మెట్ల మీద అప్పటికే ఉన్నారు. మెట్లు కడిగి చేపలు పరుస్తున్నారు. వాళ్లలో ఒక ముసలామె గంప దించుకుని తన మెట్టు మీద కూర్చోబోయి ఆగింది. లేచి అటు జరిగింది, ఇటు జరిగింది, మళ్లీ కూర్చుంది. కూర్చుని పక్కామెతో మెట్టు కదులుతోంది అంది. నేను పోయి చూశాను. నా కంటికి ఏమీ కనపడలేదు. ఆమె మాత్రం రోజూ కూర్చునే పీట కుంటితే తెలియదా అన్నట్టు కొంగు దులుపుకుని, ఆ మెట్టు మీద చేపలు పరవకుండా నాలుగు పేడ పిడకలు పెట్టి గుర్తు చేసింది. పైన బాట మీద ఊడ్చే మనిషిని కేకేసి చెప్పింది. ఎండ ఎక్కేలోపల ఇద్దరు మనుషులు గడ్డపారలతో వచ్చారు. మెట్టు కింద రాళ్ల సందులో ఇసుక ఇంత మేర కొట్టుకుపోయి ఉంది. రాళ్లు వేసి కూరడం మొదలుపెట్టారు. ఎవరూ కంగారు పడలేదు. ముసలామె ఇంకో మెట్టు మీదికి గంప మార్చుకుని, అక్కడి ఆమెతో జాగా కోసం చిన్న పోట్లాట పెట్టుకుంది.

నేను పై మెట్టు మీద కూర్చుని అదంతా చూశాను. మా కట్ట మీద మేకను కూడా ఎక్కనిచ్చేవాళ్లం కాదు. దాని కడుపులో బొరియ పడితే మాకు తెలియలేదు. ఇక్కడ ఊరంతా ఎక్కి కూర్చుంటుంది. ఏ మెట్టు ఏ మాత్రం కదిలినా దాని మీద కూర్చున్న మనిషికి తెలుస్తుంది. ఈ వయసులో, ఇన్నాళ్లూ గట్టిగా నమ్మిన మాట నా కళ్లముందే తలకిందులైంది. సిగ్గేమీ అనిపించలేదు.

దర్వాజ రోజు పొద్దున్నే అందరం జాగాలోకి చేరాం. వాళ్లు దాన్ని గుమ్మం అంటారు. వేపకర్రతో చేయించిన గుమ్మాన్ని గోడకు ఆనించి పెట్టారు. ముహూర్తం పెట్టిన అయ్యగారు వచ్చారు. అల్లుడు కొత్త పంచె కట్టుకుని ఎటు నిలబడాలో తెలియక నిలబడ్డాడు. వియ్యపురాలు నా వైపు చూడటం, మళ్లీ చూపు తిప్పుకోవడం. నా బిడ్డ ఒక మూల కూర్చుని ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుతోంది. తల ఎత్తడం లేదు. ఎంతకీ కలపడం అయిపోవడం లేదు.

నేను పునాది చుట్టూ తిరిగి చూశాను. మేస్త్రీని పిలిచి, "దర్వాజ ఈ ఎత్తుల పెడ్తున్నవా?" అని అడిగాను.

రోడ్డు కంటే పైకి ఉంది కదమ్మా, చాలు అన్నాడు.

"చాలదు. గట్టు పై మెట్టు ఎంత ఎత్తుందో, నా బిడ్డ దర్వాజ అంత ఎత్తుల ఉండాలె. వరుసలు లేపు. ఇటుకలు నేను అందిస్త."

మేస్త్రీ అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు ఇంకా టైముందని, జల్ది కానిమ్మని చెప్పాడు. అల్లుడు అప్పటికే పంచె ఎగగట్టి ఇటుకల కుప్ప దగ్గరికి పోయాడు. నా బిడ్డ గిన్నెలో చెయ్యి ఆపింది. వియ్యపురాలికి సంగతి అర్థమై ముఖం వెలిగిపోయింది. అయినా ఊరుకుంటుందా?

"అంతెత్తు గుమ్మం పెడితే ఈ ముసలిదాన్ని నేనెలా ఎక్కేదొదినా?"

"మెట్లు కట్టుకో. మీకు మెట్లు కట్టుడు కొత్తనా?" అన్నాను.

ఇటుకలు అందిస్తుంటే నడుము పట్టేసింది. బయటికి చెప్పలేదు. మేస్త్రీ కొత్త వరుసల మీద గుమ్మాన్ని నిలబెట్టి తాడు వేసి చూసుకున్నాడు. సముద్రం ఒక వీధి అవతల తన పని తాను చేసుకుంటోంది. గట్టు దాన్ని ఎన్నేళ్లు ఆపుతుందో నాకు తెలియదు. గెలుస్తుందో ఓడుతుందో కూడా నేను చెప్పలేను. నా బిడ్డ గిన్నె పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. కళ్లు తుడుచుకోబోయి, చేతికి పసుపుందని ఆగిపోయింది.

"ఏడ్సుడు తర్వాత. పసుపు ఆరిపోతది, ఇటు తే" అన్నాను.